నలభై బై ఇరవై

జాబితా రాత్రి తొమ్మిదింటికి వస్తుందన్నారు.
మా మిషను ఏడింటికే వేడెక్కింది.

గుంటూరు, బ్రాడీపేట, నాలుగు బై పద్నాలుగు,
మెట్ల కింద గది.
నేను డిజైను. బాజీ మిషను మీద.
ఓనరు ఫోన్లో ఉంటాడు, ఎప్పుడూ ఫోన్లోనే.

ఆదిశేషు మధ్యాహ్నమే వచ్చి
నలభై బై ఇరవై వేయించుకున్నాడు.
"మా అన్నకి ఖాయం. రెవెన్యూ కాకపోతే రోడ్లు."
శాఖ పేరున్న చోట ఖాళీ వదలమన్నాడు,
పెళ్ళిపత్రికలో ముహూర్తానికి వదిలినట్టు.
అన్న పళ్ళు ఒక్కొక్కటీ అరచెయ్యంత.
తెల్లబరచమంటే తెల్లబరిచాను.

తొమ్మిదిన్నరకి టీవీలో పేర్లు చదివారు.
ఇరవై నాలుగు.
ఆదిశేషు ఇరవై అయిదోదాని కోసం
చూస్తూనే ఉన్నాడు,
సబ్బు ప్రకటన వచ్చాక కూడా.

ఇక ఫోన్లే ఫోన్లు.
లాడ్జి సెంటరుకి ఆరు, మూడు వంతెనల దగ్గర రెండు,
తెల్లారి అయిదింటికల్లా కట్టేయాలి.
కొత్త మంత్రి పాత ఫైలు నా దగ్గరే ఉంది.
రెండేళ్ళ కిందట ఆయన అవతలి పార్టీ.
వెనక రంగు మార్చాను, రెండు నొక్కులు.
అదే నమస్కారం, అదే చేతిగడియారం.
'దోపిడీ ప్రభుత్వం' అన్న చోట
'ప్రజా ప్రభుత్వం' పెడితే
కొలిచినట్టు సరిపోయింది.

పదింటికి యోహాను మాస్టారు వచ్చారు.
పార్టీ పుట్టినప్పుడు సొంత సున్నంతో
గోడలు రాసిన మనిషి.
కుర్చీ వేస్తే కూర్చోలేదు.
"కార్మిక శాఖ కూడా పరిశ్రమల మంత్రికేనటగా,
కోడిపిల్లల లెక్క గద్ద చేతికన్నమాట."
బాజీ నవ్వాడు. ఆదిశేషు నవ్వలేదు.
"కాలం మారింది మాస్టారూ, పెట్టుబడి రావాలి కదా" అన్నాడు.
అన్న మీద ఆశ ఇంకా చావలేదో,
అలవాటుగా నోటికొచ్చిందో.

మాస్టారు మానిటరు మీదికి వంగారు.
"పెద్దాయన ఎక్కడమ్మా?"
చూపించాను. పై మూలన, రూపాయి బిళ్ళంత.
నేను చేరిన కొత్తల్లో నడుం దాకా ఉండేవాడు,
తర్వాత భుజాల దాకా,
తర్వాత గుండ్రంలోకి వెళ్ళాడు.
"ఆయన కింద ఒక మాట ఉండాలే?"

ఉండేది.
పైనుంచి కిందికి దించాం,
కిందినుంచి ఫోన్ నంబర్ల పక్కకి జరిపాం.
ఒకసారి ఎవరో ముప్ఫై మంది ఫోటోలు పట్టాలంటే
తీసేశాం.
తీసెయ్యమని ఎవరూ చెప్పలేదు,
ఏదని ఎవరూ అడగలేదు.
ప్రభుత్వం దారి మళ్ళిందని
రేపు పేపర్లో పెద్దవాళ్ళు రాస్తారు, కారణాలతో సహా.
నాకు తెలిసినంతలో అది
చోటు చాలక పోయింది.

పాత ఫైలు వెతికి తెరిచాను.
ఆ ఫాంటు ఇప్పుడు సిస్టంలో లేదు.
అక్షరాలుండాల్సిన చోట గళ్ళు,
గళ్ళలో ప్రశ్నగుర్తులు.

బయట చినుకులు మొదలయ్యాయి.
మిర్చి యార్డు నుంచి ఎవరో పరిగెత్తుకొచ్చి
పనికిరాని ఫ్లెక్సీలుంటే ఇమ్మన్నాడు,
టిక్కీలు తడుస్తున్నాయట.
ఆదిశేషు చాలాసేపు ఏమీ అనలేదు.
లేచి, చుట్ట చుట్టిన నలభై బై ఇరవైని
తనే ఎత్తి ఆటోలో పెట్టాడు.
"నవ్వు లోపలికి వేసి కప్పండి."

అంచున కోసిన ముక్కొకటి మిగిలింది,
ఆరడుగుల పొడవు, అడుగు వెడల్పు.
అందులో ఎవరి ముఖమూ పట్టదు.
మాస్టారు చెబుతుంటే కొట్టాను:
'ముందు కూడు, తర్వాతే కోట.'

ఆగమన్నారు.
కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.
"తర్వాతేనా, తర్వాతా?
చివర ఆ ఏత్వం ఉండేదా అమ్మా?"

కర్సరు ఆ అక్షరం పక్కనే కొట్టుకుంటోంది.
మిషను చల్లారకముందే ఏదో ఒకటి చెప్పమని
లోపల్నుంచి బాజీ కేకేస్తున్నాడు.